జూడో నేర్చు బాలికలు: నేర్పును, సేవయు

గడచిన వేసవిలో మా వీధి గృహిణి యొకతె నాయొద్దకు వచ్చి కూర్చుండి యిట్లడిగినది: "అక్కయ్యగారూ, మా పెద్దపిల్లకు జూడోలో ఆకుపచ్చ బెల్టు వచ్చినది. ఇక చాలును గదా? రాబోవునది పదవ తరగతి. అందులోను ఆడపిల్ల. ఎల్లకాలము చాపమీద దొర్లుచుండునా?"

ఆ బాలిక పదియేండ్ల ప్రాయమున క్లబ్బులో చేరినది. అప్పటినుండి వారమునకు మూడు సాయంకాలములు తెల్లని మందపు నూలుచొక్కాయి సంచిలో పెట్టుకొని తమ్ముని వెంటబెట్టుకొని పోవుట నేను మా యరుగు మీదనుండి చూచుచునే యున్నాను. తల్లి ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఏలయనగా ఆమె ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నవి. పిల్లకు కావలసిన నేర్పు వచ్చినదా యనునది యొకటి. వచ్చిన నేర్పు పిల్లయొద్దనే నిలిచిపోవలెనా యనునది రెండవది. ఈ రెండవదానిని ఆమె యడుగలేదు. కాని ఆ క్లబ్బులో ఈ పిల్ల చేయి పట్టుకొనినగాని చాపమీదికి దిగని చిన్నపిల్లలు ఆఱుగురున్నారు. వారిలో నలుగురు బాలికలు. ఈమె మానినచో వారిలో ఎందఱు నిలుతురో!

జూడో యనగానే మనలో పెక్కుమంది అది యేదో కొట్లాటవిద్య యనుకొందురు. దానిని కల్పించినవాడు ఒక బడిపంతులు. జిగొరో కానో 1860లో జపానుదేశమున పుట్టెను. చదువులో చుఱుకైనవాడే గాని దేహము చిన్నది, బలము తక్కువ. తోడి విద్యార్థులలో బలవంతులు అతనిని ఏడిపించుచుండిరి. ఆ బాధ పడలేక జుజుత్సు అను ప్రాచీనవిద్య నెఱిగిన గురువులను వెదకికొని పోయి నేర్చుకొనెను. ఆ విద్యలోని అపాయకరములైన పట్లను తొలగించి, మిగిలినదానికి చదువువంటి క్రమము నేర్పఱచి, 1882లో, ఇరువదిరెండేండ్లైనను నిండని ప్రాయమున, టోక్యోనగరములోని ఎయిషోజి అను బౌద్ధాలయమున తన పాఠశాలను తెఱచెను. దాని పేరు కోడోకాన్. స్థలము 12 చాపల మేర. తొలియేట చేరిన శిష్యులు 9 మంది.

శిష్యులు ఒకరినొకరు పడవేయు అదరునకు ఆలయములోని స్మారకఫలకములు జాఱిపడుచుండినవనియు, నేలక్రింది దూలములు విఱిగినపుడు కానోయే దీపము పట్టుకొని క్రిందికి దూఱి సరిచేయుచుండెననియు చెప్పుదురు. బడిలో పాఠములు చెప్పిన జీతమును, తర్జుమాలు చేసి సంపాదించిన సొమ్మును ఈ విద్యకు వెచ్చించెను. తరువాత పెద్ద విద్యాధికారియై, ఉపాధ్యాయులను తయారుచేయు ఉన్నత పాఠశాలకు అధిపతియై, 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున ఆసియాఖండమునుండి మొదటి సభ్యుడయ్యెను. 1938లో కైరోలో జరిగిన ఆ సంఘసభనుండి తిరిగివచ్చుచు ఓడలోనే మరణించెను. ఈ గొప్పలన్నిటికంటె నాకు దీపము పట్టుకొని నేలక్రింద దూఱిన గురువే యెక్కువగా జ్ఞాపకముండును. పైన శిష్యులు నేర్చుకొనవలెనన్న క్రింద ఎవరో యొకరు దూలమును నిలబెట్టవలెను గదా!

జూడో యనగా మృదువైన మార్గమని యర్థము. కానో దీనిని లెక్కతో బోధించెడివాడు. ఎదిరి బలము 10 పాళ్లు, నా బలము 7 పాళ్లు అనుకొందము. అతడు నన్ను నెట్టునపుడు నేను బిగిసి నిలిచినచో నేనే పడుదును. అట్లుగాక అతడు ఎంత నెట్టునో అంత నేను వెనుకకు తగ్గినచో అతడు ముందునకు తూలును. తూలిన మనుష్యునికి 10 పాళ్ల బలమున్నను 3 పాళ్లే అక్కఱకు వచ్చును. అప్పుడు నా 7 పాళ్లలో సగముతోనే అతనిని పడవేయగలను; తక్కిన సగము నాయొద్దనే యుండును. మూసిన తలుపును బలముగా త్రోయుచుండగా లోపలివారు చటుక్కున గడియ తీసినచో మనము గడపలో బోర్లపడుట యెఱుగనివారెవ్వరు? జూడోలోని రహస్యములో సగము ఆ గడియలోనే యున్నది.

ఈ విద్యకు కానో రెండు సూత్రములు చెప్పెను. శక్తిని వృథాపుచ్చక మిక్కిలి చక్కగా వినియోగించుట మొదటిది. తానును ఇతరులును కూడి వృద్ధిపొందుట రెండవది. మన క్లబ్బులలో మొదటిదానికి దొరకిన గౌరవము రెండవదానికి దొరకుట లేదని నా అభిప్రాయము. గోడమీద రెండును వ్రాసియుందురు. పతకములు తెచ్చు పిల్లలను మాత్రము వేదికయెక్కింతురు.

క్లబ్బులో చేరిన పిల్లకు మొదట నేర్పునది పడవేయుట కాదు, పడుట. గడ్డమును ఱొమ్మునకు చేర్చి, చూపును తన బెల్టు ముడిమీద నిలిపి, వీపును గుండ్రము చేసి, అరచేతితోను ముంజేతితోను చాపను చఱచుచు పడవలెను. చఱచుటచే దెబ్బ ఒక్కచోట పడక దేహమంతట పరచుకొనును; తల నేలకు తగులదు. ఒక్కొక్క దినము పదులకొలది పర్యాయములు దీనినే చేయింతురు. మొదటిసారి చూచు తల్లికి ఆ చప్పుడు విని గుండె ఝల్లుమనును. భయపడవలసినది చప్పుడు లేనపుడు! చప్పుడు గట్టిగా వచ్చినదన్న పిల్ల సరిగా పడినదన్నమాట.

ఈ యొక్క పాఠము చాలును, క్లబ్బునకు కట్టిన రుసుము తీఱిపోవుటకు. వర్షాకాలమున పాచిపట్టిన పెరటి మెట్లమీదను, సబ్బునీళ్లు పడిన స్నానాలగదిలోను కాలు జాఱి తుంటియెముక విఱుగగొట్టుకొనిన ముదుసలులు మన యిండ్లలో ఎందఱు లేరు! బాల్యమున దేహమునకు అలవాటైన పడుపద్ధతి ఏండ్లు గడచినను కొంత నిలిచియుండును.

దెబ్బలే తగులవని నేను చెప్పను. వ్రేళ్లు బెణుకును, మోకాలు నొచ్చును, ఒక్కొక్కప్పుడు భుజము తప్పును. కావుననే తల్లులు స్వయముగా పోయి చూడవలెను. చాపలు సందులేక దగ్గఱగా పఱచియున్నవా, చిన్నపిల్లను తన బరువునకు తగిన పిల్లతోనే జతచేయుచున్నారా, గొంతు నొక్కు పట్లను, మోచేయి విఱుచు పట్లను పసివారికి నేర్పక ఆపియుంచిరా, తలకు దెబ్బతగిలిన పిల్లను ఆ దినము మఱల చాపమీదికి దింపక వైద్యునియొద్దకు పంపుదురా? ఈ సంగతులు అడుగుటకు మనము జూడో నేర్చియుండనక్కఱలేదు. అడిగినందుకు విసుగుకొను శిక్షకునియొద్ద పిల్లను విడువరాదు.

ఇక బెల్టుల సంగతి. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ, తరువాత నలుపు అని రంగులు మాఱుచుండును. కానో కాలమున జపానులో ఇన్ని రంగులు లేవు. ఐరోపాఖండమున ఈ విద్య వ్యాపించిన తరువాత నేర్చువారికి ఉత్సాహము కలుగుటకై కల్పించినవి. మా వీధి గృహిణికి ఆకుపచ్చ బెల్టే చివరిమెట్టువలె తోచినది. నల్లబెల్టులో మొదటి అంతస్తునకు జపానుభాషలో షోదాన్ అని పేరు. ఆరంభపు మెట్టు అని దాని యర్థము. అనగా నల్లబెల్టు కట్టినవానికి అక్షరాభ్యాసమైనదని వారి భావము! అక్కడనుండి గదా అసలు చదువు.

జూడోలో ఒకరు పడవేయుదురు, ఒకరు పడుదురు. పడువారిని ఉకే యందురు. ఉకే యన్న ఓడినవాడని తలపవలదు. అభ్యాసమున తన దేహమును ఎదిరి నేర్పునకై అప్పగించినవాడు. మంచి ఉకే లేక ఎంతటివారును నేర్చుకొనలేరు. ఒక రోటిలో ఇద్దఱు రోకళ్లతో దంచుట మన అమ్మమ్మల కాలమున ఇంటింట నుండెడిది. ఒకతె రోకలి యెత్తునపుడు రెండవదాని రోకలి దిగవలెను. లయ తప్పినచో రోకలికి రోకలి తగులును, చేతులు అదరును, పిండి మెదుగదు. ఎవతె యెక్కువగా దంచినదని అక్కడ ఎవరు లెక్కించిరి? చాపమీద ఇద్దఱు పిల్లల యభ్యాసమును చూచినపుడు నాకు ఆ జంట రోకళ్లే కన్నులకు కట్టును. తనకంటె చిన్నదానికి ఉకేగా నిలిచి పడుచున్న పెద్దపిల్ల ఊరక సాయము చేయుచున్నదని మనము భ్రమపడుదుము. ఎదిరి యే క్షణమున తూకము తప్పించుచున్నదో, ఏ కాలు ముందుగా వేయుచున్నదో తన దేహముతోనే తెలిసికొనుచున్నది. పడవేయుటలో రాని తెలివి పడుటలో వచ్చును.

కావుననే సేవకు వేఱుగ దినము చూచుకొనవలసిన పనిలేదు. నేర్చు మొదటి మాసమునుండియే అది యారంభమగును. పసుపు బెల్టు పిల్ల చాపలు పఱచి తుడిచి, క్రొత్తగా వచ్చినదానికి బెల్టు ముడివేయుట చూపగలదు. బెల్టు ముడి వేయుట పెద్దవారికిని మొదట చేతగాదు. నేనును ఒకసారి ప్రయత్నించి నవ్వులపాలైతిని. ఆకుపచ్చ, నీలపు బెల్టువారు చిన్నవారికి పడుట నేర్పుటలో శిక్షకునికి తోడుపడగలరు. పోటీలు జరుగునపుడు బల్లయొద్ద కూర్చుండి కాలము చూచుట, గుణములు వేయుట, బరువు తూచుచోట పేర్లు వ్రాయుట మొదలగు పనులకు ఎప్పుడును మనుష్యులు చాలరు. పెద్దల పోటీ నాలుగు నిమిషములది. ఎదిరిని వేగముతోను బలముతోను వెల్లకిల పడవేసినచో ఇప్పొన్; దానితో ఆట ముగియును. దానికి కొంచెము తక్కువైనచో వజా-అరి. అవి రెండు కలిసిన ఇప్పొనే. ఈ భేదము రిఫరీ చేయి యెత్తకముందే కనుగొనుటకు కన్ను అలవాటు పడవలెను. ఒక్క దినము బల్లయొద్ద కూర్చున్న పిల్ల యెన్నో ఆటలను తదేకముగా చూచును. కొన్ని దేశములలో నల్లబెల్టు పై అంతస్తులకు పోవువారికి ఇట్టి సేవను కూడ లెక్కలోనికి తీసికొందురు. మన క్లబ్బులును ఆ పద్ధతి నవలంబించిన బాగుండును.

చూపులేనివారికి ఈ క్రీడ మిక్కిలి యనుకూలము. వారి పోటీలో ఇద్దఱును ఒకరి చొక్కాయి నొకరు పట్టుకొనిన పిమ్మటనే రిఫరీ ఆట మొదలిడును. తక్కినదంతయు చేతుల తెలివి. 2024లో పారిస్‌నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో మన దేశీయుడు కపిల్ పర్మార్ కాంస్యపతకము గెలిచెను. జూడోలో మనకు అదియే మొదటి పారాలింపిక్ పతకము. అంధ బాలబాలికల పాఠశాలకు వారమున కొకసారి పోయి వారితో జతగా అభ్యాసము చేయగల పిల్లలు ప్రతి పట్టణపు క్లబ్బులోను ఉందురు. పంపువారు లేరు.

ఇచట ఒక హెచ్చరిక చేయకతప్పదు. సేవ యను పేరు పెట్టి కొన్నిచోట్ల బాలురచేతికి ఈలయు గడియారమును ఇచ్చి, బాలికలను తేనీటి గ్లాసులు కడుగుటకు పంపుచున్నారు. అది సేవ కాదు, ఇంటి వంటగదిని క్లబ్బునకు మోసికొనిపోవుట. గ్లాసులు కడుగవలసినచో అందఱును కడుగవలెను. గడియారమును అందఱును పట్టవలెను. మఱియొకటి: పదునైదేండ్ల పిల్లకు పసివారినందఱిని అప్పగించి శిక్షకుడు బయటికి పోవుట తగదు. ఏదైన జరిగినచో ఆ భారము ఆ పిల్ల మోయలేదు. పెద్దవారు దగ్గఱ నుండగా చిన్నవారికి తోడుపడుట వేఱు, పెద్దవారి పనిని పిల్లపై వేయుట వేఱు.

"ఆడపిల్ల గదా" యని ఆ తల్లి యన్న మాటకు చరిత్రయే బదులు చెప్పగలదు. కానో 1893లోనే ఒక స్త్రీకి ఈ విద్య నేర్పుట కారంభించెను. 1926లో కోడోకాన్‌లో స్త్రీల శాఖ యేర్పడెను. మన దేశమునకును ఇది నిన్నమొన్న వచ్చినది కాదు. రవీంద్రనాథ ఠాకూరుగారి యాహ్వానముపై 1929లో తకగాకి అను జూడో గురువు శాంతినికేతనమునకు వచ్చి బాలురకును బాలికలకును కూడ నేర్పెను. ఆ విద్యార్థినులలో ఒకరు అమితా సేన్, అమర్త్యసేన్‌గారి తల్లి. దాదాపు నూఱేండ్ల క్రిందట వంగదేశపు కన్యలు నేర్చిన విద్యకు మనము నేడు జంకుట వింతగా లేదా?

ఈ సందర్భమున కేయికో ఫుకుదా కథ చెప్పక ముందుకు పోలేను. ఈమె 1913లో టోక్యోలో జన్మించెను. కానోకు జుజుత్సు నేర్పిన గురువులలో ఒకరికి మనుమరాలు. గురువు ఋణమును మఱువని కానో ఆమెను తన పాఠశాలకు ఆహ్వానించెను. 1935లో చేరినది. ఎత్తు అయిదడుగులకు లోపు. బరువు నూఱు పౌనులకు లోపు. వివాహప్రసక్తి వచ్చినది, పెండ్లియాడినచో జూడో మానవలెనని తెలిసి, ఆమె జూడోనే యెంచుకొని అవివాహితగా నుండిపోయెను. పెండ్లి వలదని నేను మన బాలికలకు చెప్పుట లేదు. ఆ రెంటిలో ఒకదానిని విడువవలసివచ్చుటయే అన్యాయము.

స్త్రీలకు అయిదవ అంతస్తు దాటి ఇచ్చు వాడుక లేకపోవుటచే ఫుకుదా పెక్కేండ్లు ఆ మెట్టుమీదనే నిలువవలసివచ్చెను. 1972లో గాని ఆఱవది రాలేదు. ఆ నడుమ ఆమె యలిగి కూర్చుండలేదు. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడల సందర్భమున విద్యాప్రదర్శన చేసెను. 1966లో అమెరికాకు పోయి సాన్‌ఫ్రాన్సిస్కోనగరమున స్థిరపడి, స్త్రీల కళాశాలలోను, తాను స్థాపించిన స్త్రీల క్లబ్బులోను తరతరముల శిష్యురాండ్రకు నేర్పెను. 2006లో కోడోకాన్ ఆమెకు తొమ్మిదవ అంతస్తు నొసగెను. 2011లో, 98 యేండ్ల ప్రాయమున, అమెరికా జూడోసంఘము పదవ అంతస్తు నిచ్చెను. దేహము సహకరింపని ముసలితనమున కుర్చీలో కూర్చుండియు పాఠములు చెప్పుచు, 2013లో కన్నుమూసెను. స్త్రీల నల్లబెల్టునకు నడుమ తెల్లని గీత యుంచు వాడుక జపానులో చాలకాలము సాగినది. ఆ గీతవంటివి ఎన్నియో ఆమె యోర్చుకొనెను. శిష్యురాండ్రకు మాత్రము తక్కువ యోర్చుకొనవలసిన దారి చేసిపోయెను.

ఇంకొకతె ఓర్చుకొనలేదు. ఆమె న్యూయార్కులోని బ్రూక్లినుకు చెందిన రస్టీ కానొకోగి. 1959లో యుటికా నగరమున జరిగిన పోటీలో స్త్రీలకు తావులేనందున, జుట్టు కత్తిరించుకొని, ఱొమ్ము బిగియగట్టి, పురుషవేషమున ప్రవేశించి, తన యెదిరిని గెలిచెను. నీవు స్త్రీవా యని నిర్వాహకులు అడుగగా అవునని నిజము చెప్పెను. పతకమును తిరిగి పుచ్చుకొనిరి. ఆ అవమానమును ఆమె పనిగా మార్చుకొనెను. స్త్రీలకు ప్రపంచపోటీ ఎందుకుండరాదని ఊరూర తిరిగి, చాలని ద్రవ్యమునకు తన యింటిని తాకట్టు పెట్టి, 1980లో న్యూయార్కున స్త్రీల మొదటి ప్రపంచ జూడోపోటీని జరిపించెను. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీల జూడో ప్రదర్శనగా వచ్చెను. 1992లో బార్సిలోనాలో పతకములతో నిజమైన పోటీయయ్యెను. 2009లో, పుచ్చుకొనిన పతకమునకు బదులు స్వర్ణపతకము నామె కిచ్చిరి. ఆ యేడే ఆమె మరణించెను.

మన బాలికలును వెనుకబడియుండలేదు. మణిపూరునకు చెందిన సుశీలాదేవి 2014లోను 2022లోను కామన్‌వెల్త్ క్రీడలలో రజతపతకములు గెలిచెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలకు మన దేశమునుండి జూడోకు పోయినది ఆమె యొక్కతెయే. ఢిల్లీకి చెందిన తూలికా మాన్ 2022లో రజతము తెచ్చి, 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు పోయి మొదటి ఆటలోనే ఓడిపోయెను. ఆమె తల్లి పోలీసుశాఖలో ఉద్యోగిని; ఒంటిగా పెంచినది. తల్లి పనిలో నుండగా పిల్ల సాయంకాలములు చాపమీద గడచినవి.

మా వీధి గృహిణికి ఇవన్నియు చెప్పితిని. ఆమె అన్నిటిని విని, "పరీక్షల మాట యేమి?" యని అడిగినది. న్యాయమైన ప్రశ్న. వారమునకు మూడు సాయంకాలములు ఆ యేటికి ఎక్కువే. పిల్లను పిలిచి అడిగితిమి. పోటీల అభ్యాసము ఒక సంవత్సరము మానుకొందుననియు, ఆదివారము ఉదయము గంటన్నరసేపు చిన్నపిల్లల తరగతికి మాత్రము పోవుదుననియు, నీలపు బెల్టు పరీక్ష వేసవిలో చూచుకొందుననియు ఆమెయే చెప్పినది. తల్లి కొంతసేపు ఆలోచించి, చొక్కాయి ఉదుకుట మాత్రము నీదేనని షరతు పెట్టినది. ఆ చొక్కాయి తడిసినప్పుడు పిండుట సామాన్యము కాదు. ఇప్పుడు ఆదివారము మధ్యాహ్నము వారి పెరటిలో తల్లి యొక కొస, పిల్ల యొక కొస పట్టుకొని పిండుచుందురు.